గుర్రానికి తాయిలం పెట్టి విద్యలు నేర్పితే చెడిపోతుందా?

కోటగుమ్మం (విజయనగరం): మా బాబాయి దగ్గర ఒక ఆడగుర్రం ఉంది. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తాడు. ఈమధ్య బేరానికొచ్చిన వాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు: దండం పెడుతుందా, రెండు కాళ్ళ మీద లేస్తుందా అని. పాత పద్ధతిలో అయితే ముందుకాలు తాడుతో కట్టి, గుర్రం వంగేదాకా వదలరు. లేవాలంటే కళ్ళెం గుంజి కొరడా చూపిస్తారు. మా తమ్ముడు ఫోన్‌లో వీడియోలు చూసి, దెబ్బ లేకుండా క్యారెట్ ముక్కతో నేర్పుతానంటున్నాడు. చెప్పింది చెయ్యగానే ఒక చప్పుడు, వెంటనే తిండి, అంతేనట. బాబాయి ససేమిరా అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరిది రైటు?

పాతరౌతు (బొబ్బిలి): మీ బాబాయిదే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని ఊరికే అన్నారా? చేత్తో తినడం మరిగిన గుర్రం మొదట జేబులు వాసన చూస్తుంది, తర్వాత చొక్కా లాగుతుంది, ఆఖరికి వేలు కొరుకుతుంది. పెళ్ళిలో ఆడవాళ్ళ చేతుల్లో అరటిపళ్ళ పళ్ళెం కనపడితే అప్పుడుంటుంది తమాషా. మనిషంటే కాస్త బెదురుండాలి.

గరివిడి విద్యార్థి (పశువైద్య కళాశాల): కొరుకుడు నిజమే గురువుగారూ, నేను కాదనను. అయితే అది తిండి పెట్టినందుకు కాదు, గుర్రం అడిగినప్పుడల్లా పెట్టినందుకు వస్తుంది. అందుకే ఈ పద్ధతిలో మొదటి పాఠం దండమూ కాదు, డాన్సూ కాదు. నడుముకి తాయిలం సంచి కట్టుకుని గుర్రం పక్కన ఊరికే నిలబడాలి. అది సంచిలో మూతి పెడుతుంది. తొయ్యకూడదు, తిట్టకూడదు, చెయ్యి కదపకూడదు. విసుగొచ్చి మొహం అటు తిప్పిన క్షణంలో చప్పుడు చేసి, చెయ్యి బాగా చాచి, మన ఒంటికి దూరంగా తినిపించాలి. సంచి జోలికి వెళ్తే ఏమీ దొరకదు, మొహం తిప్పుకుంటే దొరుకుతుంది అని దానికి అర్థమయ్యాకే మిగతా చదువు.

చప్పుడు సంగతి మన వైపు వాళ్ళు ముఖ్యంగా చూసుకోవాలి. ఆ వీడియోల్లో కొందరు నాలుకతో 'టక్' అంటారు. జట్కా గుర్రాలకి నాలుకతో చేసే ఆ శబ్దమే కదలమని సైగ. నిలబడమని నేర్పుతూ అదే శబ్దం చేస్తే పాపం అదేం చేస్తుంది? బాల్‌పెన్ నొక్కిన 'టిక్' చాలు. అది కూడా కాలు వంగుతున్నప్పుడే వినపడాలి. లేచాక నొక్కితే లేచినందుకు కూలి ఇచ్చినట్టవుతుంది.

దండానికి తాడక్కర్లేదు. కర్ర చివర గుడ్డ ఉండ కట్టి దాన్ని మూతితో ముట్టుకోవడం నేర్పండి. రోజూ కొంచెం కిందికి, తర్వాత ముందుకాళ్ళ మధ్యకి జరపండి. మెడ వంగుతుంది, నెమ్మదిగా కాలూ వంగుతుంది. ఒంట్లో నొప్పి ఉన్న గుర్రమైతే వంగదు, అప్పుడు ఆపెయ్యాలి. తాడు కట్టి లాగేవాడికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

క్యారెట్ గుండ్రంగా కాదు, పొడుగ్గా చీల్చండి. గుండ్రటి ముక్క గొంతుకి అడ్డం పడొచ్చు. తిన్నది వాంతి చేసుకోవడం గుర్రానికి చేతకాదు కూడా. నానబెట్టిన ఉలవలు నాలుగేసి పెట్టినా సరిపోతుంది, అదీ రోజు దాణాలోంచి తీసినవే. బెల్లం జోలికి పోకండి. అరచెయ్యి చదునుగా పెట్టండి. తన మూతి కింద ఏముందో గుర్రానికి కనపడదు, పెదవులతోనూ మూతి వెంట్రుకలతోనూ తడుముకుంటుంది. సగం వేళ్ళు తెగేది అక్కడే.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం): అందరూ ఎలా నేర్పాలో చెబుతున్నారు, ఎందుకు నేర్పాలో ఒక్కరూ అడగరేం? ఎలుగుబంటినీ కోతినీ ఆడించడం 1998లోనే ఆపేశారు. గుర్రం ఆ జాబితాలో లేదు కాబట్టి దాన్ని డీజే ముందు అర్ధరాత్రి దాకా ఎగిరిస్తాం. జనం ముందు ఆడించే జంతువుల నమోదుకి 2001 నిబంధనలున్నాయి, బాబాయిగారు ఒకసారి చూసుకుంటే మంచిది. ముళ్ళ కళ్ళెం వాడకూడదని 1965 నుంచే ఉంది. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదనీ ఉంది. ఎవరు చదివారు? క్యారెట్ పెట్టినంత మాత్రాన అది గుర్రం సరదా అయిపోదు.

రాజాం కుర్రాడు: అయ్యా, కోడి రామమూర్తి నాయుడు గారు సర్కస్ పెట్టిన ఊరు విజయనగరం. ఆ ఊళ్ళో విద్యలు వద్దంటే ఎలా? జర్మనీలో లెక్కలు చెప్పే గుర్రం కూడా ఉండేదట, దానికెలా నేర్పారో చెప్పండి.

గరివిడి విద్యార్థి: ఆ గుర్రం పేరు హాన్స్. బెర్లిన్‌లో ఉండేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ లెక్కల మేష్టారు. ఎంత అడిగితే అన్నిసార్లు డెక్కతో నేల తట్టేది. 1907లో ఓస్కర్ ఫుంగ్స్ట్ అనే ఆయన పరీక్షించి తేల్చిందేమిటంటే, అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! సరైన అంకె రాగానే మనిషి తల, భుజం తనకే తెలియకుండా రవ్వంత కదిలేవి. గుర్రం అది చూసి ఆగేది. మీ తమ్ముడికి పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. పెన్ను నొక్కకముందే చెయ్యి సంచి వైపు పోతే, గుర్రం పెన్నునీ మాటనీ వదిలేసి చేతినే చూస్తుంది.

పాతరౌతు: బెర్లిన్ సరే. గంటస్తంభం దగ్గర ఊరేగింపు మధ్యలోకి లారీ హారన్ కొట్టుకుంటూ వస్తే పెన్ను నొక్కుతావా, క్యారెట్ తీస్తావా?

గరివిడి విద్యార్థి: రెండూ కాదు, పగ్గం పట్టుకుంటాను. పగ్గం బిగించి, మాట వినగానే వదలడం మీరు రోజూ చేసే పనే. ఆ వదలడంలోనే నేర్పంతా ఉంది. చాలామంది బిగించడమే నేర్చుకున్నారు. కాకపోతే ఆ రోజు బెదరకుండా ఉండాలంటే ముందునుంచే పని పడాలి. డప్పు ఎక్కడో వీధి చివర మోగుతుంటే ఇక్కడ ఉలవలు తినిపించాలి. చెవులు బిగుసుకోకపోతేనే మర్నాడు డప్పుని ఒక ఇల్లు దగ్గరికి తేవాలి. కొరడాతో నిలబెట్టిన గుర్రం డప్పుకీ కొరడాకీ రెండింటికీ భయపడుతుంది.

రెండు కాళ్ళ మీద లేవడం మాత్రం ఏ పద్ధతిలోనూ నేర్పకండి. తాయిలంతో నేర్పితే ఇంకా ప్రమాదం. తిండి తెచ్చిన పనిని గుర్రం అడక్కుండానే చేసి చూపిస్తుంది. ఎదురుగా చిన్నపిల్లాడు బిస్కెట్ పట్టుకుని నిలబడితే వాడి ముందు లేస్తుంది. వీపు మీద పెళ్ళికొడుకుని పెట్టుకుని వెనక్కి పడిందంటే ఇద్దరూ దక్కరు. దానికి బదులు నాడా కొట్టేవాడికి కాలెత్తి ఇవ్వడం, కళ్ళేనికి తల దించడం, సూదికి కదలకుండా నిలబడటం నేర్పండి. చప్పట్లు పడవు కానీ ఏడాదంతా పనికొస్తాయి.

నాగావళి ఒడ్డు: ఈ చివరిదానికి నా అభ్యంతరం లేదు.

కోటగుమ్మం: ఇదంతా బాబాయికి చదివి వినిపించాను. దండం వరకూ తమ్ముడికి వదిలేస్తాడట. లేవడం మాత్రం లేదని బేరంలోనే చెప్పేస్తానన్నాడు. అద్దె తగ్గిస్తారేమోనని కొంచెం టెన్షన్.

పాతరౌతు: తగ్గిస్తే ఆ బేరం మా బొబ్బిలి పంపండి. మా గుర్రం లేస్తుంది.