అప్‌డేట్: సాంక్రీలో గైడుగా నా తొలి శీతాకాలం

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి హిమాలయాల్లో ట్రెక్కింగ్ గైడుగా బతకగలనా అని నిరుడు అడిగాను. ముందు ఉత్తరకాశీలో 28 రోజుల పర్వతారోహణ శిక్షణ తీసుకోమని చెప్పినవారందరికీ మనసారా కృతజ్ఞతలు. నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ఆ కోర్సు పూర్తి చేశాను. అయితే మంచును చూసి దారి పోల్చుకోవడం నేర్పింది మాత్రం ఉత్తరాఖండ్ కొండల్లోని సాంక్రీ గ్రామస్థులే.

ఇప్పుడు అక్కడి నుంచి కేదార్‌కంఠ శిఖరానికి బృందాలను తీసుకువెళ్తున్నాను. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. జీతం పాతదానిలో మూడో వంతు, వానాకాలంలో పని దాదాపు ఉండదు. ఈ దారిలోకి రావాలనుకునేవారు అది తెలుసుకునే రావాలి.

జనవరిలో గుంటూరు అబ్బాయి ఒకడు తలనొప్పిని దాచాడు. రాత్రి అన్నం ముట్టకపోయేసరికి అనుమానం వచ్చింది. గుడారం బయట మంచులో కర్రతో గీత గీసి, మడమకు వేళ్లు ఆనిస్తూ దాని మీద నడవమన్నాను. నాలుగో అడుగుకే పక్కకు తూలాడు. ఎత్తులో అలా తూలితే మెదడులో నీరు చేరుతూ ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగకూడదు. పోర్టరు, నేను చెరో భుజం పట్టుకుని టార్చి వెలుగులో కిందికి దించాం. “శిఖరం చూడకుండానే వెళ్లాలా అన్నా?” అని దారంతా ఏడ్చాడు. దిగువన ఉన్న జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గరికి వచ్చేసరికి అడుగు కుదురుగా పడింది. పొద్దున తనే టీ అడిగి తాగాడు.

ఉద్యోగం మానేశానని అమ్మకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఏప్రిల్‌లో మంచు కరిగాక తనను సాంక్రీకి తీసుకువస్తున్నాను.