'మణిః శాన… పులినాః': ఈ పాదంలో ఉన్నది ణకారమా, నకారమా?

అనంతపురం, చీనీతోట రైతు:

గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి, ఉద్యోగం ముగిశాక తోటలో స్థిరపడ్డారు. చీనీ చెట్ల ఎండుకొమ్మలను, అంటు దిగువన లేచే పిలకలను కోయడానికి ఆయన దగ్గర అలుగు లోపలికి వంగిన మడతచాకు ఒకటి ఉండేది. ఇప్పుడు హాక్‌బిల్ అనే పేరుతో దుకాణాల్లో అమ్ముతున్నది ఆ రకమే. కొన డేగముక్కులా కిందికి దిగి ఉంటుంది. దాన్ని నూరేటప్పుడు ఆయన ఒక సంస్కృత పాదం పైకి చదువుకొనేవారు. నాకు 'మణిః శాన' అనే మొదలు, 'పులినాః' అనే ముగింపు మాత్రమే గుర్తున్నాయి. ఆ 'శాన' మన సానరాయేనా? అయితే ణకారం ఉండాలా, నకారం ఉండాలా? సానరాయికీ పులినానికీ, అంటే ఇసుకతిన్నెకూ, ఒకే పాదంలో ఏం పని? ఆ చాకును నేను సానరాయి మీద ఎంత నూరినా మధ్యభాగానికి పదును రావడం లేదు కాబట్టి, ఆ పాదంలో దానికేమైనా సూచన ఉందేమోనన్న ఆశ కూడా ఉంది.

కడప, తెలుగు ఉపాధ్యాయురాలు:

మీకు గుర్తున్నది ఒక పాదం కాదు, రెండు పాదాలు కలిసిపోయిన ముక్క. భర్తృహరి నీతిశతకంలో శిఖరిణి అనే వృత్తంలో ఉన్న శ్లోకం ఇది: 'మణిః శాణోల్లీఢః సమరవిజయీ హేతినిహతః' అన్నది మొదటి పాదం, 'మదక్షీణో నాగః శరది సరితః శ్యానపులినాః' అన్నది రెండో పాదం. సాన పట్టిన మణి, ఆయుధపు దెబ్బలు తిని యుద్ధం గెలిచినవాడు, మదం తగ్గిన ఏనుగు, శరత్తులో తిన్నెలు ఎండిన నదులు, ఇలా తరిగినా శోభించేవాటిని కవి వరుసగా చెబుతాడు; సానరాయీ ఇసుకతిన్నే కలిసింది అందుకే. మొదటిదానిలో ఉన్నది ణకారంతో శాణ, అంటే సాన. రెండోదానిలో ఉన్నది నకారంతో శ్యాన, అంటే ఎండి గట్టిపడినది. వినికిడిలో యవత్తు జారిపోతే రెండూ ఒకటిగానే తోస్తాయి. ఛందస్సు ఇక్కడ మనకు సాయపడదు, ఎందుకంటే రెండు చోట్లా కావలసినది గురువే, ణ అయినా న అయినా గణం మారదు. మన 'సాన' మాత్రం శాణకు తద్భవమే. శకారం సకారమై, ప్రాణం పల్లెనోట పానమైనట్టు ణకారం నకారమైంది.

కర్నూలు, విశ్రాంత సంస్కృత అధ్యాపకుడు:

ఉపాధ్యాయురాలు గారు పాదాలను సరిగా విడదీశారు. అయితే 'శాణ అంటే సాన' అని అంత తేలికగా ముగించడానికి వీల్లేదు. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో అమరుడు 'శాణస్తు నికషః కషః' అంటూ మూడింటినీ పర్యాయాలుగా చెప్పాడు. నికషం అంటే గీటురాయి. అప్పుడు శాణోల్లీఢమైన మణి అంటే అరగదీసిన మణి కాక, పరీక్షకు నిలిచిన మణి అనే అర్థానికి కూడా చోటుంటుంది. పక్కనే యుద్ధంలో గెలిచి గాయపడిన వీరుడు ఉన్నాడు, అతడిది కూడా పరీక్షే. నా అభిప్రాయంలో మీ పెదనాన్నగారు చాకును నూరుతూ పదునును పరీక్షించే సమయంలో ఈ పాదం చదివి ఉంటారు.

ప్రొద్దుటూరు, స్వర్ణకారుడు:

అయ్యా, గీటురాయి మా చేతిలో రోజూ ఉండే వస్తువు కాబట్టి ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్పగలను. దాని మీద బంగారం గీత పడుతుంది. ఆ గీత రంగును, దాని మీద ఆమ్లం చుక్క వేస్తే వచ్చే మార్పును చూసి మచ్చు, అంటే బంగారం స్వచ్ఛత, తెలుసుకుంటాం. మణిని దాని మీద గీస్తే తెలిసేది ఏమీ లేదు, ఎందుకంటే గట్టి మణి గీత పడనీయదు, రాయినే గీరుతుంది. వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే జనం వెతికే వజ్రాలకైతే సాన పట్టాలంటే వజ్రపు పొడి తప్ప వేరే దారి లేదు. కాబట్టి ఆ పాదంలో ఉన్నది అరగదీసే రాయే. అదీగాక శ్లోకం చివర 'తనిమ్నా శోభంతే' అని ఉంది కదా. తనిమ అంటే సన్నదనం. పరీక్షలో ఏదీ సన్నబడదు, సానమీదే సన్నబడుతుంది.

కర్నూలు, విశ్రాంత సంస్కృత అధ్యాపకుడు:

తనిమను గుర్తుచేసినందుకు ధన్యవాదాలు, ఆ వాదానికి బలం ఉంది. అయినా అమరుడు మూడు పదాలను ఒకే చోట కూర్చడానికి కారణం లేకుండా ఉండదు. పూర్వులకు అరగదీసే రాయి, గీసి చూసే రాయి రెండూ కష-ధాతువు (రుద్దడం) కిందికి వచ్చే ఒకే పనిలో రెండు దశలుగా కనిపించి ఉంటాయని నేను భావిస్తున్నాను.

తాడిపత్రి, బండల పాలిష్ పని:

శాణ అనే మాట ఏ రాయిని సూచిస్తుందో అడిగేవారు, ఏ రాయి ఇనుమును తింటుందో కూడా చూడాలి. మా వైపు ఇళ్లలో చాకును గడప బండకు రుద్దడం చూశాను, కానీ కడప బండ గానీ బేతంచెర్ల నాపరాయి గానీ ప్రధానంగా సున్నపురాయి. మోహ్స్ కొలతలో సున్నపురాయిలోని కాల్సైటు గట్టిదనం 3 మాత్రమే, పాను పట్టిన ఉక్కు అంతకంటే బాగా గట్టిది. అలాంటి బండ మీద చాకు మెరుస్తుంది గానీ పెద్దగా అరగదు. ఇసుకరాయిలోని స్ఫటికం గట్టిదనం 7, అది ఉక్కును కోస్తుంది; బండ మీద ఇసుక చల్లి కొడవలి నూరే అలవాటు వెనక ఉన్న కారణం ఇదే. గంధం తీసే రాయిని కూడా సాన అనే అంటాం, కానీ దాని మీద అరిగేది చెక్క. ఒకే మాట ఇన్ని రాళ్లకు పోయినప్పుడు అమరుడి పర్యాయాలను చూసి ఆశ్చర్యపోవలసిన పని లేదు.

కర్నూలు, విద్యుత్ పనులు:

మా పనిలో లావు కేబుళ్ల పైతొడుగు చీల్చడానికి ఈ వంకచాకునే వాడతాం కాబట్టి, అనంతపురం మిత్రులు అడిగిన రెండో సంగతికి నేను జవాబు చెబుతాను. అది 'ఉల్లీఢ' అన్న మాటకు కూడా పనికివస్తుంది. లోపలికి వంగిన అలుగును చదునైన రాయి మీద పెడితే అది మడమ (పిడి వైపు చివర) దగ్గర, కొన దగ్గర మాత్రమే తగులుతుంది, నడిమి వంపు గాలిలో ఉండిపోతుంది. అలాగే నూరుతూ పోతే మధ్యలో పదును రాదు సరికదా, ఈ చాకుకు ప్రాణమైన కొన అరిగి మొద్దుబారుతుంది. దీనికి వంపు కంటే సన్నని గుండ్రటి కడ్డీ కావాలి. సెరామిక్ కడ్డీ అయినా సరే, వజ్రపు పొడి పూసిన, ఒక చివర సన్నబడే కడ్డీ అయినా సరే. రెండూ దొరకకపోతే గుండ్రటి కర్రకు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) బిగుతుగా చుట్టి, ముందు 600 నంబరు, తర్వాత 1000 నంబరు వాడవచ్చు. కడ్డీని మడమ నుంచి కొన దాకా వంపు వెంబడి జరుపుతూ తీసుకుపోవాలి. ఒకే చోట రుద్దితే అక్కడ గుంట పడి, ఆ తర్వాత తీగ గానీ కొమ్మ గానీ కోసేటప్పుడు చాకు ఆ గుంటలో ఆగిపోతుంది. కొన దగ్గరికి వచ్చాక కడ్డీని బయటికి జారనీయకుండా ఆపి ఎత్తాలి.

కోణాన్ని కంటితో అంచనా వేయడం కష్టం, కాబట్టి పదునువాలు (అంచు వైపు ఏటవాలుగా నూరిన భాగం) మీద మార్కరు సిరా పూసి, రెండు మూడుసార్లు కడ్డీ ఆడించి, సిరా ఎక్కడ పోయిందో చూడాలి. అంచు దగ్గర సిరా మిగిలితే కడ్డీ మరీ పడుకున్నట్టు, అంచు దగ్గర మాత్రమే పోతే మరీ లేచినట్టు. ఈ చాకుల్లో కొన్నిటికి పదునువాలు ఒక్క వైపే ఉంటుంది. వాటికి ఆ ఒక్క వైపే నూరి, రెండో వైపున లేచే సన్నని ఇనుపపొరను తీసివేయడానికి కడ్డీని ఆ వైపు అలుగుకు దాదాపు ఆనించి ఒకటి రెండుసార్లు ఆడిస్తే చాలు. రెండు వైపులా సమానంగా నూరితే దాని స్వభావమే మారిపోతుంది. కాబట్టి నాకు ఆ పాదంలో శాణకంటే ఉల్లీఢ ముఖ్యంగా తోస్తోంది: రాయి అలుగును అంతటా అంటుకొని పోవాలి.

కడప, తెలుగు ఉపాధ్యాయురాలు:

మీరు తెలియకుండానే ధాతువును పట్టుకున్నారు. ఉల్లీఢలో ఉన్నది లిహ్, నాకడం. ఆయుర్వేదపు లేహ్యంలో ఉన్నదీ అదే. సాన మణిని నాకింది అన్నాడు కవి, రుద్దింది అనలేదు. నాలుక వంపులోకి కూడా పోగలదు, బండ పోలేదు. చాకు లోవంపును గుండ్రటి కడ్డీ నాకగలదు గానీ చదును రాయి నాకలేదన్న మీ అనుభవం కంటే ఆ ధాతువుకు మంచి వ్యాఖ్యానం అవసరం లేదనిపిస్తోంది. మూడో పాదంలోని 'కలాశేషశ్చంద్రః' కూడా చూడండి: ఒక్క కళ మిగిలిన చంద్రుడి ఆకారం, ఎన్నో ఏళ్లు నూరి సన్నబడిన ఈ చాకు ఆకారమే. పెదనాన్నగారు చదివినది మొదటి పాదం మాత్రమే అనుకోవడానికి కారణం లేదు. శ్లోకమంతా చదివి ఉంటారు, మీకు అంచులు మిగిలాయి.

కదిరి నుంచి:

సంస్కృతంలో ఇంత దూరం వెళ్లారు గానీ, మన కటారుపల్లెలో సమాధి ఉందని చెప్పుకొనే వేమన ఇనుము గురించి చెప్పినది ఎవరూ తలచుకోలేదు. 'ఇనుము విఱిగెనేని యినుమాఱు ముమ్మాఱు' అన్న ఆటవెలదిలో కొలిమి పని తెలిసినవాడి మాట వినిపిస్తుంది. కటారు అంటే బాకు కాబట్టి ఆ ఊరి పేరుకే ఆయుధాల కమ్మరులతో సంబంధం ఉండి ఉంటుందని చాలాకాలంగా అనుకుంటున్నాను. రెండో పాదం 'కాచి యతుకవచ్చు క్రమముగాను' అని కొందరు, 'కాచి యతుకనేర్చు గమ్మరీఁడు' అని కొందరు చదువుతారు. కమ్మరి ఉన్న పాఠమే వేమనది అయి ఉండాలి.

కడప, తెలుగు ఉపాధ్యాయురాలు:

ఊరి పేరు ఆధారంగా అంత దూరం నేను రాలేను, కానీ పాఠం విషయంలో మీతోనే ఉన్నాను. కాచి–క్రమము, కాచి–గమ్మ: యతి రెండింటికీ కుదురుతుంది, గణాలు కూడా కుదురుతాయి. తేడా తెచ్చేది 'నేర్చు' అన్న క్రియ. తర్వాతి పాదంలో 'మనసు విఱిగెనేని మఱి యంట నేర్చునా' అని ఉంది. కమ్మరి అతుక నేర్చును, మనసు అంట నేర్చునా అని అదే క్రియ తిరిగి వచ్చినప్పుడే ప్రశ్నకు దెబ్బ ఉంటుంది. 'అతుకవచ్చు' అంటే ఆ దెబ్బ సగం పోతుంది. 1829లో వేమన పద్యాలను అచ్చువేసిన బ్రౌను దొర మన కడపలోనే పనిచేశాడు కాబట్టి, ఇక్కడి పాఠభేదాల మీద మనకు పట్టుదల ఉండడం సహజమే.

జమ్మలమడుగు నుంచి:

ఇనుమును కొలిమిలో వదిలేసి ఇసుకకు వద్దాం. 'శరది సరితః శ్యానపులినాః' అన్న వర్ణన మన పెన్నకు వర్తించదు. ఆశ్వయుజ కార్తీకాల్లో ఉత్తరాది నదులు తగ్గి తిన్నెలు బయటపడతాయి; మనకు ఈశాన్య ఋతుపవనాల వల్ల వరద వచ్చేది ఆ రోజుల్లోనే. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగినది కూడా ఈ కాలంలోనే. నీతిశతకాన్ని తెలుగు చేసిన ముగ్గురిలో పుష్పగిరి తిమ్మన ఒకడు. పుష్పగిరి పెన్న ఒడ్డునే ఉంది. ఆయన ఈ ఊరివాడే అయితే, కార్తీకంలో నిండుగా పారే నదిని కళ్లారా చూసినవాడు శ్యాన అన్న మాటను ఎలా తెలుగు చేశాడన్నది చూడదగిన విషయం.

కడప, తెలుగు ఉపాధ్యాయురాలు:

ఇంటిపేరు ఊరిని సూచించవచ్చు గానీ కవి అక్కడే ఉన్నాడని చెప్పదు. అలా పోల్చదలిస్తే మిగతా ఇద్దరు అనువాదకులను, అంటే ఎలకూచి బాలసరస్వతి మల్లభూపాలీయాన్నీ ఏనుగు లక్ష్మణకవినీ, పక్కపక్కన పెట్టుకొని ముగ్గురిలో ఎవరు 'సాన' అన్నారో, ఎవరు 'శాణ'ను అలాగే ఉంచారో ముందు చూడాలి.

అనంతపురం, చీనీతోట రైతు:

అందరికీ కృతజ్ఞతలు. వాటర్ పేపరు చుట్టిన కర్రతో నడిమి వంపుకు పదును వచ్చింది. నా చాకుకు కూడా పదునువాలు ఒక్క వైపే ఉంది. సిరా పూసి చూశాకే అది తెలిసింది. అయితే పెదనాన్నగారు పలికినది 'శాన' అనే నా చెవికి ఇప్పటికీ వినిపిస్తోంది, శ్యాన అని గానీ శాణ అని గానీ కాదు. పండితులైన ఆయన ణకారాన్ని వదిలేస్తారా?

కర్నూలు, విశ్రాంత సంస్కృత అధ్యాపకుడు:

వదలరు. అందుకే ఆయన చదివినది రెండో పాదమేనని, మీరు 'మణిః' అన్న మొదటి మాటను దానికి ముందు చేర్చుకున్నారని నా నమ్మకం. ఇంకొక్క విషయం. ఉపాధ్యాయురాలు గారు 'హేతినిహతః' అన్న పాఠం ఇచ్చారు. 'హేతిదలితః' అన్న పాఠం కూడా ఉంది, ఛందస్సుకు రెండూ సరిపోతాయి. నిహతుడు అంటే చంపబడినవాడు. చనిపోయినవాడు సన్నబడి శోభించడం ఎలా? ఆయుధంతో చీలినవాడు, అంటే దలితుడు, అయితేనే విజయంతో బతికి ఉంటాడు.

కడప, తెలుగు ఉపాధ్యాయురాలు:

నిహతకు కొట్టబడినవాడు అనే అర్థం కూడా ఉంది కదా అండీ. సమరవిజయీ అన్న మాట పక్కనే ఉండగా దాన్ని చావుగా ఎవరూ తీసుకోరు. దలితః అనేది కష్టమైన చోటును తేలిక చేయడానికి తర్వాత ఎవరో మార్చిన పాఠంలా ఉంది. నేను నిహతః దగ్గరే ఉంటాను.