మంగళూరు, కోళికోడ్ ప్రమాదాలు: రన్‌వే చాల్లేదా, విమానం ఆలస్యంగా నేల తాకిందా?

కడలి_విశాఖ అడిగిన ప్రశ్న:

మంగళూరు 2010, కోళికోడ్ 2020. రెండూ దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737-800 విమానాలే, రెండూ రన్‌వే దాటి కింద పడినవే. మంగళూరులో 158 మంది, కోళికోడ్‌లో 21 మంది పోయారు. ఎప్పుడు ఈ మాట వచ్చినా టీవీ వాళ్లు "టేబుల్‌టాప్ రన్‌వే, పొట్టి రన్‌వే" అని తేల్చేస్తారు. టేబుల్‌టాప్ అంటే కొండ మీద చదును చేసి కట్టినది, చివరన లోయ ఉంటుంది. కానీ అదే రన్‌వే మీద అదే రకం విమానాలు రోజూ దిగుతున్నాయి కదా. ఆ రోజే ఎందుకు చాల్లేదు? అంకెలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

ఇంకో రెండు సందేహాలు. టేకాఫ్ ప్రమాదాలకీ ల్యాండింగ్ ప్రమాదాలకీ కారణాలు ఒకటేనా? దిగబోతున్న విమానాన్ని చివర్లో మళ్లీ పైకి లేపితే లోపల అందరికీ గుండె జారిపోతుంది. అది నిజంగానే ఏదో ప్రమాదం తప్పినట్టా?

ఫైనల్_అప్రోచ్:

రన్‌వే సరిపోయేదే అండీ. రెండు చోట్లా సగం రన్‌వే చక్రాలు తగలకముందే అయిపోయింది.

మామూలుగా ఎలా దిగాలో ముందు చూడండి. విమానం 3 డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే మొదలు మీదకొచ్చేసరికి చక్రాలు 50 అడుగుల ఎత్తులో, వేగం ఆ బరువుకి లెక్కగట్టిన రెఫరెన్స్ స్పీడ్ దగ్గర ఉండాలి. అలా వస్తే 1,000 నుంచి 1,500 అడుగుల మధ్య చక్రాలు తగులుతాయి. 3,000 అడుగులు గానీ, రన్‌వేలో మొదటి మూడో వంతు గానీ, ఏది తక్కువైతే అది దాటేలోపు తగలకపోతే ఇక దిగకూడదు, లేచిపోవాలి.

మంగళూరు రన్‌వే పొడవు 8,033 అడుగులు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ నివేదిక ప్రకారం ఆ విమానం రన్‌వే మొదలు మీదకు 50 అడుగుల బదులు సుమారు 200 అడుగుల ఎత్తులో వచ్చింది. వేగం 144 నాట్స్ (గంటకి నాటికల్ మైళ్లు) ఉండాల్సింది 160 దాటింది. ఇక్కడ చిన్న లెక్క వేయండి. 3 డిగ్రీల వాలులో 150 అడుగుల ఎత్తు దిగాలంటే కింద దాదాపు 2,900 అడుగుల నేల కావాలి. మామూలుగా తగలాల్సిన చోటికి ఇది కలిపితేనే 4,000 దాటుతుంది. పైన వేగం ఎక్కువైతే రెక్కకి లిఫ్ట్ (పైకెత్తే బలం) మిగిలిపోయి, విమానం నేలకి ఆనకుండా తేలుతూ పోతుంది. చివరికి చక్రాలు నేలకి ఆనింది 5,200 అడుగుల దగ్గర. మిగిలింది 2,800 అడుగులు.

కోళికోడ్‌లో రన్‌వే 8,858 అడుగులు, చక్రాలు తగిలింది 4,438 అడుగుల దగ్గర, అంటే సరిగ్గా సగంలో. వాన పడుతోంది. వెనక నుంచి 14 నాట్స్ గాలి. నేల మీద వేగం 165 నాట్స్. ఆ వేగంలో సెకనుకి 278 అడుగులు పోతుంది, నాలుగు సెకన్లు తేలితే 1,100 అడుగుల రన్‌వే వెనకబడిపోయినట్టే. వెనకగాలి ఎంత చెరుపు చేస్తుందో చూడండి. గాలిలో వేగం అంతే ఉండి, ఆ 14 నాట్స్ ఎదురుగా వీచి ఉంటే నేల మీద వేగం 137 ఉండేది. బ్రేకులు మింగాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 165 దగ్గర అది 137 కంటే దాదాపు 45 శాతం ఎక్కువ.

పైగా తడి. నీళ్లు నిలిచిన రన్‌వే మీద టైరు నేలని వదిలి నీటి పొర మీద జారడం ఏ వేగంలో మొదలవుతుందో చెప్పడానికి పైలట్లు వాడే సూత్రం ఒకటుంది: టైరు పీడనం పీఎస్‌ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణించాలి. పీడనం 200 అయితే 127 నాట్స్ వస్తుంది. నీళ్లు అంత లోతుగా ఉన్న చోట 165తో తగిలిన టైరుకి 127కి తగ్గేదాకా బ్రేకు పట్టు ఉండదు. రన్‌వేకి అడ్డంగా గాడులు కోసేదీ, టైర్ల రబ్బరు పేరుకుంటే గీకి తీసేసేదీ నీళ్లు నిలవకుండా ఉండడానికే.

టేబుల్‌టాప్ వల్ల పొరపాటు జరగదు, జరిగిన పొరపాటుకి శిక్ష పెరుగుతుంది. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, మంగళూరుది సుమారు 2,450. ఆ 5,200 అడుగుల దగ్గర తగలడం శంషాబాద్‌లో జరిగి ఉంటే విమానం ఆగేది, పైలట్‌ని పిలిచి సంజాయిషీ అడిగేవాళ్లు.

రెక్కచివర:

పైన చెప్పింది సరిగ్గా ఉంది. మంగళూరు విషయంలో చాలామంది వదిలేసే ముక్క ఒకటి కలుపుతాను. 5,200 అడుగుల దగ్గర తగిలాక కూడా పూర్తి బ్రేకు, పూర్తి రివర్స్ థ్రస్ట్ (ఇంజిన్ తోపుని ముందుకి మళ్లించి వేగం తగ్గించడం) వెంటనే వేసి అలాగే పట్టుకుని ఉంటే విమానం రన్‌వే మీదే ఆగేదని నివేదిక తేల్చింది. కానీ రివర్సర్లు తెరిచాక కెప్టెన్ మనసు మార్చుకుని మళ్లీ లేవబోయారు. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మలుపు. రివర్సర్ ఒకసారి తెరిచాక ఆగి తీరాల్సిందే. తెరుచుకున్న కవచాలు మూసుకోవాలి, ఐడిల్‌కి (కనీస శక్తికి) పడిన ఇంజిన్ మళ్లీ పుంజుకోవాలి. దానికి పట్టే సెకన్లలో మిగిలిన రన్‌వే చెల్లిపోతుంది.

రన్‌వే అయిపోయాక ఏముంది అన్నది కూడా ముఖ్యమే. చివరన 60 మీటర్ల స్ట్రిప్, ఆ తర్వాత కనీసం 90 మీటర్ల భద్రతా స్థలం ఉండాలని అంతర్జాతీయ నియమం. 240 మీటర్లు ఉంటే మంచిదని సిఫారసు. మంగళూరులో విమానం కుడి రెక్క రన్‌వే చివర దాటాక లోకలైజర్ యాంటెన్నాని (విమానాన్ని రన్‌వే మధ్య గీత వెంట నడిపే రేడియో పరికరం) నిలబెట్టిన కాంక్రీటు దిమ్మెకి కొట్టుకుంది. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో చక్రాలు దించకుండా పొట్టతో దిగిన జెజు ఎయిర్ విమానం కూడా లోకలైజర్ కోసం కట్టిన కాంక్రీటు గట్టునే గుద్దుకుంది. 181 మందిలో ఇద్దరే బతికారు. యాంటెన్నా ఎలాగూ రన్‌వేకి ఎదురుగానే ఉండాలి. దాని ఆధారం మాత్రం తగలగానే విరిగిపోయేలా ఉండాలి. ఇది పైలట్ చేతిలో లేదు, కట్టేవాళ్ల చేతిలో, ఏటేటా తనిఖీ చేసేవాళ్ల చేతిలో ఉంది. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

స్థలం లేని చోట ఈమాస్ వేస్తారు. చక్రం కింద పిండిగా నలిగిపోయే తేలిక కాంక్రీటు పరుపు అది. సాధారణంగా 70 నాట్స్‌తో వచ్చిన విమానాన్ని ఆపేలా డిజైన్ చేస్తారు.

వీ1_దాటాక:

టేకాఫ్ సంగతి నేను చెప్తాను. ల్యాండింగ్‌లో తప్పు చివరి రెండు మూడు నిమిషాల్లో పోగవుతుంది. టేకాఫ్‌లో అయితే చాలాసార్లు తప్పు గేటు దగ్గరే కూర్చుని ఉంటుంది, బయటపడేది మాత్రం రన్‌వే మీద.

2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఏ340-500 బరువు 362.9 టన్నులు. కంప్యూటర్లో కొట్టింది 262.9. ఒక్క అంకె. వంద టన్నులు తక్కువ అనుకుని కంప్యూటర్ తక్కువ థ్రస్ట్, తక్కువ వేగాలు ఇచ్చింది. ఆ వేగం దగ్గర ముక్కు ఎత్తితే విమానం లేవలేదు, తోక రన్‌వేకి రాసుకుంది. కెప్టెన్ పూర్తి థ్రస్ట్ ఇవ్వడంతో రన్‌వే దాటాక ఎలాగో లేచి, చివరన ఉన్న లైట్లనీ యాంటెన్నానీ తాకి, చుట్టు తిరిగొచ్చి క్షేమంగా దిగింది. అందుకే బరువుని ఇద్దరు పైలట్లూ విడివిడిగా లెక్కించి పోల్చాలి. ఒకరు చదువుతుంటే రెండోవాళ్లు తలూపడం తనిఖీ కాదు.

2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానెయిర్ ఎండీ-82 ఫ్లాప్‌లు, స్లాట్‌లు (తక్కువ వేగంలో లిఫ్ట్ పెంచే రెక్క పలకలు) దించకుండానే పరుగు తీసింది. ఒక సెన్సర్ సమస్యతో ముందు ఒకసారి వెనక్కి వచ్చింది, ఆలస్యమైంది, చెక్‌లిస్టు తెగింది. మోగాల్సిన హెచ్చరిక మోగలేదు. 172 మందిలో 154 మంది చనిపోయారు. ఫ్లాప్‌లు లేకుండా రెక్కకి ఆ వేగంలో లిఫ్ట్ చాలదు. లేచినట్టే లేచి స్టాల్ అయి (లిఫ్ట్ కోల్పోయి) పడిపోతుంది. చెక్‌లిస్టు మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆపిన చోట నుంచి కాకుండా మొదటి నుంచి చదవమనడం ఇందుకే.

ఇక వీ1 అంటే ఏమిటి? పరుగులో ఏదైనా తేడా వస్తే, ఆ వేగం దాటకముందే ఆపడం మొదలుపెడితేనే మిగిలిన రన్‌వేలో ఆగుతుంది. దాటాక ఒక ఇంజిన్ పోయినా ఎగరాల్సిందే. రెండు ఇంజిన్ల విమానం ఒక్క ఇంజిన్‌తో, చక్రాలు ముడిచాక, కనీసం 2.4 శాతం వాలులో ఎక్కగలిగితేనే దానికి సర్టిఫికెట్ ఇస్తారు. కాబట్టి "ఇంజిన్ పోయింది, పడిపోయింది" అన్న వార్త చదివినప్పుడు రెండో ఇంజిన్ ఏమైంది అని అడగాలి. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్-72లో ఒక ఇంజిన్ ప్రొపెల్లర్ ఫెదర్ అయిపోతే (రెక్కలు గాలికి వాటంగా తిరిగి తోపు ఇవ్వడం మానేస్తే), పైలట్ బాగున్న రెండో ఇంజిన్‌ని ఆపేశారు.

అహ్మదాబాద్ గురించి అడుగుతారని తెలుసు. 2025 జూన్ 12 నాటి ఎయిర్ ఇండియా 171 మీద వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది ఇంతే: నేల వదిలిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఫ్యూయల్ స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి మారాయి, సుమారు పది నుంచి పద్నాలుగు సెకన్ల తర్వాత ఒకదాని వెంట ఒకటి తిరిగి రన్‌కి వచ్చాయి. ఎలా మారాయో అందులో తేల్చలేదు. అంతకు మించి ఊహలు ఇక్కడ రాయొద్దని మనవి. ఇంజిన్ మళ్లీ వెలిగి థ్రస్ట్ ఇవ్వడానికి పట్టేంత సమయం ఆ ఎత్తులో లేదు. అదే 30,000 అడుగుల దగ్గరైతే ఉండేది. ప్రమాదాలు నేలకి దగ్గరగా ఎందుకు ఎక్కువో ఇక్కడ కనిపిస్తుంది: దిద్దుకోవడానికి ఎత్తూ ఉండదు, వేగమూ ఉండదు.

కడలి_విశాఖ:

అందరికీ ధన్యవాదాలండీ. 150 అడుగులకి 2,900 అడుగుల నేల అన్న లెక్క చూశాక మంగళూరు అర్థమైంది. ఒక్కటి మిగిలింది. ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ అని లోపలున్న రెండో పైలట్‌కి తెలియదా? తెలిస్తే ఎందుకు ఆపలేదు?

ఫైనల్_అప్రోచ్:

తెలుసు, చెప్పారు కూడా. మంగళూరులో ఫస్ట్ ఆఫీసర్ (రెండో పైలట్) గో-అరౌండ్, అంటే దిగడం మాని మళ్లీ పైకి లేపండి అని మూడుసార్లు అన్నట్టు నివేదికలో ఉంది. కోళికోడ్‌లోనూ విమానం నడపని పైలట్ గో-అరౌండ్ పిలుపు ఇచ్చారు. రెండు చోట్లా అప్పటికి నడుపుతున్నది కెప్టెనే, ఆయన దించడానికే సిద్ధపడ్డారు.

నియమం స్పష్టంగానే ఉంది. మేఘాల్లో అయితే 1,000 అడుగులు, రన్‌వే బాగా కనిపిస్తుంటే 500 అడుగులు దాటేసరికి వేగం రెఫరెన్స్ కంటే తక్కువ కాకుండా, 20 నాట్స్ మించి ఎక్కువ కాకుండా ఉండాలి. దిగే వేగం నిమిషానికి 1,000 అడుగులు మించకూడదు. చక్రాలు, ఫ్లాప్‌లు దిగి ఉండాలి, చెక్‌లిస్టు అయిపోయి ఉండాలి. దిగే వేగం సరిగ్గా ఉందో లేదో నోటి లెక్కతో తేలిపోతుంది: నేల మీద వేగాన్ని అయిదుతో గుణించండి. 140 నాట్స్‌కి 700 అడుగులు. ఆ లెక్కకి మించి చాలా ఎక్కువగా పడుతుంటే పైనుంచి డైవ్ చేస్తున్నట్టే. వీటిలో ఒక్కటి కుదరకపోయినా లేచిపోవాలి. "ఇంకొంచెంలో సరిపోతుంది" అన్న ఆలోచనకి ఆ ఎత్తులో చోటు లేదు.

మరి ఎందుకు లేవరు? మంగళూరులో కెప్టెన్ ప్రయాణంలో ఎక్కువ భాగం నిద్రపోయారు. తెల్లవారుజామున లేచి, మత్తు వదలకముందే అప్రోచ్ మొదలైంది. కోళికోడ్‌లో ఒకసారి గో-అరౌండ్ అయ్యాక రెండోసారి ఎలాగైనా దించాలన్న పట్టుదల. మర్నాడు ఉదయం అక్కడి నుంచే మరో ఫ్లైట్ డ్యూటీ ఉండడం కూడా నివేదికలో చర్చకి వచ్చింది. మొదటి అప్రోచ్‌లో కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయింది కూడా. పక్కసీటు వాళ్లు మెత్తగా చెప్తే వినని స్థితిలో ఉన్నవాళ్లకి గట్టిగా చెప్పడం, అప్పటికీ వినకపోతే కంట్రోల్స్ తీసుకోవడం కాగితం మీద ఉంది. మనలో సీనియర్ మాట కాదనడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. దాన్ని సిమ్యులేటర్‌లో పదేపదే సాధన చేయిస్తేనే చేతికి వస్తుంది. లేపినందుకు ఖర్చయ్యేది కొంత ఇంధనం, పావుగంట. లేపిన పైలట్‌ని కారణం అడగని కంపెనీలో లేపడానికి జంకు ఉండదు. కాబట్టి మీ విమానం చివర్లో లేచిందంటే పైలట్ పని సరిగ్గా చేస్తున్నారనే అర్థం.

రెక్కచివర:

గో-అరౌండ్‌కి కూడా ఒక పద్ధతి ఉందని మర్చిపోవద్దు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ 777 దుబాయ్‌లో చక్రాలు తగిలాక లేవబోయింది. మామూలుగా గో-అరౌండ్ స్విచ్ నొక్కితే ఆటోథ్రాటిల్ (ఇంజిన్ శక్తిని తనంతట తానే సర్దే వ్యవస్థ) థ్రస్ట్ పెంచుతుంది. చక్రాలు నేలకి తగిలాక ఆ స్విచ్ పని చేయదు, లీవర్లు చేత్తో తోయాలి. ఎవరూ తోయలేదు, చూసుకోలేదు. విమానం 85 అడుగుల దాకా లేచి వేగం తగ్గి, చక్రాలు ముడుచుకుంటుండగా రన్‌వే మీద పడింది. అందుకే ముక్కు ఎత్తడానికి ముందు చెయ్యి లీవర్ల మీద, చూపు ఇంజిన్ రీడింగ్ మీద ఉండాలంటారు.

తలుపు_2ఎల్:

ప్రయాణికుల వైపు నుంచి ఒక్క మాట. ఆ దుబాయ్ విమానంలో 300 మందీ బయటపడ్డారు, మంటలార్పుతున్న ఒక ఫైర్‌మ్యాన్ చనిపోయారు. బయటపడేటప్పుడు చాలామంది పై అరల్లోంచి సంచులు తీశారు. అన్ని సీట్లూ నిండిన విమానాన్ని సగం తలుపులతోనే 90 సెకన్లలో ఖాళీ చేయగలమని తయారీదారు నిరూపిస్తేనే అనుమతి వస్తుంది. ఆ పరీక్షలో ఎవరి చేతిలోనూ సంచి ఉండదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని గుద్ది మండిపోయిన జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350లోంచి 379 మందీ బయటికొచ్చారు.

టేకాఫ్ అయ్యాక మూడు నిమిషాలు, దిగే ముందు ఎనిమిది నిమిషాలు చెప్పులు తీయకండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. కిటికీ తెర ఎత్తి ఉంచమనేది బయట మంట ఏ వైపు ఉందో సిబ్బందికి కనబడాలని. కూర్చోగానే మీ సీటుకీ ముందు తలుపుకీ మధ్య, వెనక తలుపుకీ మధ్య ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టుకోండి. పొగ నిండితే లైట్లు కనబడవు, సీట్ల వీపులు తడుముకుంటూ లెక్క ప్రకారం పోవాలి. బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద బిగించండి. పసిపిల్ల ఒళ్లో ఉంటే సిబ్బంది ఇచ్చే చిన్న బెల్టుని మీ బెల్టుకి తగిలించి పిల్లకి వేయాలి, ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టకూడదు. గట్టిగా కుదిపితే మీ బరువంతా పిల్ల మీద పడుతుంది.