యూనిఫాంలో ప్యాంటు కావాలని స్కూల్లో ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, తొమ్మిదో తరగతి చదువుతున్నాను. స్కూల్ అయ్యాక అదే యూనిఫాంతో సైకిల్ మీద మృదంగం క్లాసుకి వెళ్తాను. కింద కూర్చుని, కుడికాలు కొంచెం చాపి, దాని మీద మృదంగం ఆనించాలి. స్కర్ట్‌తో అది ఎంత ఇబ్బందో వాయించే అమ్మాయిలకే తెలుసు. ధ్యాస తాళం మీద కాకుండా బట్టల మీదే ఉంటుంది. తమ్ముడితో గేమ్ ఆడేటప్పుడు నా క్యారెక్టర్‌కి ఎప్పుడూ ప్యాంటే వేస్తాను, అదే నాకు ఇష్టం.

కేరళలో వలయంచిరంగర ప్రైమరీ స్కూల్ 2018లోనే అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒకే రకం యూనిఫాం పెట్టింది.

మా క్లాస్ టీచర్‌ని అడిగితే రూల్ అంతే అన్నారు. హెచ్‌ఎం మేడమ్‌కి లెటర్ రాద్దామనుకుంటున్నాను, కానీ చాలా టెన్షన్‌గా ఉంది. ఒక్కదాన్నే రాయాలా, అమ్మానాన్నలతో కూడా సంతకం పెట్టించాలా? ఇలా అడిగి ఒప్పించినవాళ్లు ఉంటే ఏం రాశారో చెప్పండి, ప్లీజ్.