దానంగా వచ్చిన సైనికాధికారి కోటు: ఆయన సర్వీసు చరిత్రను ఎక్కడి నుంచి వెతకాలి?

ప్రశ్న: గ్రంథాలయ కార్యకర్త

నమస్కారం. కృష్ణా జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మేము నడుపుతున్న స్థానిక చరిత్ర సేకరణకు, దివంగతులైన ఒక సైనిక వైద్యాధికారి ఉన్ని కోటును ఆయన మనుమరాలు ఇటీవల అందజేశారు. పతకాలు గానీ, కాగితాలు గానీ కుటుంబం దగ్గర మిగలలేదు. తాతగారు విశాఖపట్నంలో వైద్యం చదివి, బర్మాలో యుద్ధం చేసి, 1965 యుద్ధంలో కూడా పాల్గొని, కల్నల్‌గా పదవీ విరమణ చేశారని ఇంట్లో చెప్పుకుంటారట.

కోటును బల్ల మీద పరచి చూస్తే మాకు కనిపించినవి ఇవి. భుజపట్టీల మీద ఒక్కొక్క అశోక సింహాల చిహ్నం మాత్రమే ఉంది, కానీ దాని పక్కనే గుడ్డలో వరుసగా పాత రంధ్రాలు ఉన్నాయి. కాలర్ మీది బ్యాడ్జీలో కర్రకు చుట్టుకున్న పాము ఉంది. ఎడమ జేబు పైన నాలుగు రిబ్బన్లు కుట్టి ఉన్నాయి: ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉన్నది ఒకటి, నడుమ ఎరుపు, ఇరువైపులా నీలం మధ్యలో నారింజ గీతలున్నది ఒకటి, ఎరుపు, నీలం, తెలుపు గీతలది మూడవది, మన జెండా రంగులలో ఉన్నది నాలుగవది. లోపలి జేబులో దర్జీ చీటీ ఉంది గానీ సిరా వెలిసిపోయి పేరు చదవడానికి రావడం లేదు.

ప్రదర్శనలో దీని పక్కన పెట్టే పలకపై ఏమి రాయవచ్చునో, కుటుంబం చెప్పినదాన్ని రూఢి చేసుకోవడానికి ఎవరికి రాయాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు: విశ్రాంత సుబేదార్, సైన్య వైద్య విభాగం

అయ్యా, మీరు గమనించిన వివరాలలోనే సగం సమాధానం ఉంది. కర్ర, పాము ఉన్న బ్యాడ్జీ మా ఆర్మీ మెడికల్ కోర్‌ది. అందులో పైభాగాన కిరీటం ఉందా, అశోక సింహాలు ఉన్నాయా అన్నది భూతద్దంతో చూడండి. యుద్ధం నడుస్తుండగా 1943 ఏప్రిల్ 3న ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పడింది. 1950లో గణతంత్రం వచ్చాక కిరీటాల స్థానంలో సింహాలు వచ్చాయి. భుజం మీద సింహాలే ఉన్నాయి కాబట్టి, ఈ కోటును చివరిసారి తొడుక్కున్నది 1950 తర్వాతనే అని నిస్సందేహంగా చెప్పవచ్చు.

సింహాల చిహ్నం ఒక్కటే ఉంటే మేజర్ హోదా. కెప్టెన్‌కు మూడు నక్షత్రాలు, లెఫ్టినెంట్ కల్నల్‌కు సింహాలతో పాటు ఒక నక్షత్రం ఉంటాయి. మీరు చెప్పిన రంధ్రాలు మూడు నక్షత్రాలు బిగించినంత దూరంలో, వరుసగా ఉంటే, ఆయన కెప్టెన్‌గా ఉన్నప్పుడే ఈ కోటు కుట్టించుకుని, మేజర్ అయ్యాక గుర్తులు మార్చుకున్నారని అర్థం. అంతమాత్రాన కల్నల్ అన్న కుటుంబం మాట అబద్ధమని అనుకోనక్కరలేదు. లెఫ్టినెంట్ కల్నల్‌ను కూడా మేము నోటిమాటగా కల్నల్ సాబ్ అనే పిలుస్తాము. పైగా ఆ హోదా వచ్చాక వేరే కోటు కుట్టించుకుని ఉండవచ్చు.

ఇక రిబ్బన్లు. మొదటిది 1939–45 స్టార్, రెండవది బర్మా స్టార్, మూడవది వార్ మెడల్, నాలుగవది 1947 నాటి భారత స్వాతంత్ర్య పతకం. ఈ చివరిదాన్ని బట్టి స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఆయన మన సైన్యంలో కొలువులో ఉన్నారని తెలుస్తుంది. బర్మా స్టార్ విషయంలో మాత్రం తొందరపడవద్దు. నిర్ణీత కాలాలలో అస్సాం, బెంగాల్ ప్రాంతాలలో పనిచేసినవారికి కూడా దానిని ఇచ్చారు కాబట్టి, తాతగారు బర్మా గడ్డ మీద అడుగుపెట్టకుండా, సరిహద్దుకు ఇవతల ఏ సైనిక ఆసుపత్రిలోనో గాయపడినవారికి చికిత్స చేసి ఉండటానికి కూడా అవకాశం ఉంది. వైద్యాధికారుల విషయంలో అదే ఎక్కువ సహజం కూడా.

1965 యుద్ధానికి సంబంధించిన రిబ్బను లేదు. ఆ యుద్ధానికి ఇచ్చిన సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ రెండింటినీ 1967లోనే నెలకొల్పారు. అందువల్ల ఈ కోటు అంతకుముందే పెట్టెలోకి వెళ్ళిందని అనుకోవచ్చు గానీ, ఆయన ఆ యుద్ధంలో లేరని దీనిని బట్టి తీర్మానించలేము.

జవాబు: పాత గెజిట్ల పాఠకుడు

సుబేదార్ గారు చెప్పినదానికి నాదొక చేర్పు. కోటు వల్ల కాలమూ, హోదా తెలుస్తాయి, మనిషి తెలియడు. మనిషిని పట్టుకోవాలంటే సర్వీసు నంబరు కావాలి. తెలుగువారి విషయంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే సైన్యపు జాబితాలలో మన ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయి, మనిషి రావు కిందనో, మూర్తి కిందనో, రెడ్డి కిందనో వరుసలో కనిపిస్తాడు. ఒకే పొడి అక్షరాలున్న రావుల మధ్య మీ డాక్టరుగారిని నంబరు లేకుండా పోల్చుకోవడం ఎంతటివారికైనా కష్టమే.

నంబరు కోసం ఇంట్లోనే వెతకమనండి. ఫ్యామిలీ పెన్షన్ వచ్చి ఉంటే పి.పి.ఓ. (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాగితంలో నంబరు, హోదా తప్పక ఉంటాయి. నల్లటి ఇనుప ట్రంకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో రాయించుకునే అలవాటు అధికారులలో ఉండేది. పాత ఫొటోల వెనుక వైపు కూడా చూడమనండి.

నంబరు దొరికాక రెండు దారులున్నాయి. స్వాతంత్ర్యానికి ముందు కాలానికి ఇండియన్ ఆర్మీ లిస్టులు చూడాలి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులతో పాటు అవి ఉన్నాయి, కొన్ని సంచికలు స్కాన్ రూపంలో ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతాయి. ఆ తర్వాతి కాలానికి భారత గెజిట్‌లో రక్షణ శాఖ నియామకాలు, పదోన్నతులు ప్రకటించే మొదటి భాగం నాలుగవ సెక్షన్ చూడాలి. ఆయన పనిచేసిన యూనిట్ పేరు తెలిస్తే, యుద్ధకాలపు వైద్య యూనిట్ల దినచర్య డైరీలు లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యు.ఓ. (వార్ ఆఫీస్) 177 శ్రేణిలో ఉన్నాయి. చదువు సంగతికి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల వారికి రాయండి. మద్రాసు మెడికల్ రిజిస్టరులో కూడా ఆనాటి వైద్యుల పట్టా వివరాలు ఉంటాయి.

మళ్ళీ గ్రంథాలయ కార్యకర్త

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలర్ బ్యాడ్జీలో ఉన్నవి సింహాలే. భుజపట్టీ రంధ్రాలు కూడా మూడు నక్షత్రాల వరుసకు సరిపోయాయి. మనుమరాలు ట్రంకు మూతను తడిగుడ్డతో తుడిచి ఫొటో పంపారు; పైన పూసిన పచ్చరంగు కింద "ఎం.ఆర్." అనే అక్షరాలు, వాటి తర్వాత అంకెలు తేలాయి. ఈ అక్షరాలకు అర్థమేమిటో, అధికారి ఫైలు ఎక్కడ ఉంటుందో చెప్పగలరా?

జవాబు: విశ్రాంత సుబేదార్

ఎం.ఆర్. అంటే వైద్య విభాగంలో రెగ్యులర్ కమిషన్, అంటే శాశ్వత నియామకం పొందిన అధికారి. యుద్ధకాలంలో ఎమర్జెన్సీ కమిషన్ (తాత్కాలిక నియామకం) మీద చేరిన డాక్టర్లలో చాలామంది యుద్ధం ముగిశాక ఇళ్ళకు వెళ్ళిపోయారు. మీ డాక్టరుగారు మాత్రం సైన్యంలోనే స్థిరపడ్డారన్నమాట. లక్నోలోని మా రికార్డు ఆఫీసుకు రాయకండి, అక్కడ ఉండేవి జవాన్ల, జె.సి.ఓ.ల (సుబేదార్ వంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) కాగితాలు. అధికారుల ఫైళ్ళను ఢిల్లీలోని సైన్య ప్రధాన కార్యాలయం చూస్తుంది. మనుమరాలు తన బంధుత్వాన్ని చూపే పత్రం జతచేసి, నంబరు పేర్కొంటూ తానే దరఖాస్తు చేయడం మేలు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే పది రూపాయల రుసుముతో సరిపోతుంది, కాకపోతే పూర్తి ఫైలు అడగకుండా కమిషన్ తేదీ, పదోన్నతుల తేదీలు, యూనిట్లు, పదవీ విరమణ నాటి హోదా అని విడివిడిగా అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు దరఖాస్తు రాయడంలో సాయపడతారు.

జవాబు: వస్త్ర సంరక్షణలో పనిచేసే వ్యక్తి

ఆ ట్రంకును ఇక తుడవవద్దని చెప్పండి. కోటును ఉతికించడం, బ్రాస్సోతో గుండీలు మెరిపించడం కూడా చేయవద్దు, రిబ్బన్లు విప్పవద్దు. దర్జీ చీటీని మామూలు వెలుతురులో కాక, పక్కనుంచి వాలుగా పడే వెలుగులోనూ, వీలైతే అతినీలలోహిత దీపం కిందా ఫొటో తీయించండి. వెలిసిన సిరా ఒక్కోసారి అలా చదవడానికి వస్తుంది. మనుమరాలు చెప్పిన మాటలను ఆమె చెప్పినట్టే రాసుకుని, తేదీ వేసి సంతకం తీసుకుని దానపత్రంతో కలిపి ఉంచండి.

పలక సంగతి. ఫైలు వచ్చేదాకా ఆగనక్కరలేదు. "ఆర్మీ మెడికల్ కోర్ మేజర్ కోటు, 1950 తర్వాత కూడా తొడుక్కున్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగానికి సంబంధించిన సేవను రిబ్బన్లు సూచిస్తున్నాయి. ఈ అధికారి 1965 యుద్ధంలోనూ పాల్గొని కల్నల్‌గా విరమించారని కుటుంబ సభ్యులు చెబుతారు" అని ఇప్పుడే పెట్టవచ్చు. ఢిల్లీ నుంచి జవాబు వచ్చాక చివరి వాక్యాన్ని మార్చుకోవచ్చు. అందుకు వీలుగా పలకను రాయి మీద చెక్కించకుండా అట్ట మీద అచ్చు వేయించండి.