ప్రాజెక్టు పనిలో పిల్లల చేత ప్రశ్న వేయించడం, సమాచారాన్ని సరిచూపించడం ఎలా?

ప్రశ్న – సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, చంద్రగిరి మండలం

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులు ఉంటాయి కాబట్టి, తొమ్మిదో తరగతి పిల్లలకు ‘చంద్రగిరి కోట’ అనే అంశం ఇచ్చాను. తరగతిలో డిజిటల్ ప్యానెల్ ఉంది, కొందరి దగ్గర పనిచేసే ట్యాబ్‌లు ఉన్నాయి. వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం ఒకే పేజీ నుంచి దించుకున్నవే. కోట చిత్తూరు జిల్లాలో ఉందని చాలామంది రాశారు. రోజూ ఆ కోట కొండను చూస్తూ బడికి వచ్చే పిల్లలు తాము ఉంటున్న జిల్లా పేరునే తప్పు రాశారంటే, రాసింది చదవలేదనే అర్థం. ప్యానెల్ మీద వీడియో వేస్తే శ్రద్ధగా చూస్తారు గానీ ఒక్కరూ ప్రశ్న అడగరు. ఉన్న పరికరాలతోనే వాళ్లు తమంతట తాము వెతికి, దొరికినదాన్ని సరిచూసుకునేలా చేయడానికి మీకు ఏ పద్ధతి పనికొచ్చిందో దయచేసి వివరించండి.

జవాబు – ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, చిత్తూరు

మేడమ్ గారికి నమస్కారం. ఆ జిల్లా పేరుతోనే మొదలుపెట్టండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందు రాసిన పేజీలో చిత్తూరు అని ఉండటం తప్పు కాదు, దాన్ని ఈనాటి మాటగా దించుకోవడమే తప్పు. ‘ఈ పేజీ ఎప్పుడు రాశారు?’ అనే ప్రశ్న ఎందుకు వేయాలో పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక అంశం ఇస్తే నెట్‌లో జవాబు తయారుగా ఉంటుంది, కాబట్టి ప్రశ్న ఇవ్వండి. ఇంకా మేలు, ప్రశ్నను వాళ్ల చేతనే రాయించండి. కోటలోని రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారని, కలప వాడలేదని చెబుతారు. మరి కలప దూలాలు లేకుండా పైఅంతస్తుల బరువును ఏది మోస్తోంది? ఇది దించుకుంటే తేలే విషయం కాదు. ట్యాబ్‌తో కమానులను, పైకప్పు లోపలి భాగాన్ని ఫొటోలు తీయించి, వాటిని ప్యానెల్ మీద పెద్దవి చేసి, బరువు ఎటు దిగుతోందో పిల్లల చేతనే గీతలు గీయించండి. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించుకోండి.

జవాబు – గ్రంథపాలకురాలు, తిరుపతి

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ప్యానెల్‌కు నా దృష్టిలో అసలైన ఉపయోగం, రెండు పేజీలను పక్కపక్కన పెట్టి తరగతి అంతా కలిసి చదవడమే. మద్రాసు స్థలాన్ని ఆంగ్లేయులకు ఇచ్చిన ఒప్పందం 1639లో చంద్రగిరి కోటలోనే జరిగిందని చాలా చోట్ల కనిపిస్తుంది. మరికొన్ని చోట్ల 1639లో ఇచ్చినది దామర్ల వెంకటాద్రి నాయకుడని, ఆయన చంద్రగిరి రాజుకు సామంతుడని, తర్వాత రాజైన శ్రీరంగరాయలు 1645లో మరో పత్రం ఇచ్చారని ఉంటుంది. రాజు ఎవరు, సామంతుడు ఎవరు, ఏ పత్రం ఎప్పటిది అని పిల్లలు వాదించుకోవడం మొదలుపెడితే, ఆ పీరియడ్‌లో మీరు మాట్లాడవలసింది చాలా తక్కువే.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్రకారులను, విద్యార్థులను, వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు తేల్చేవారిని పోల్చి చూశారు. ఈ చివరివారు తెలియని వెబ్‌సైటు తెరిచిన కొద్దిసేపటికే దాన్ని వదిలి, బ్రౌజర్‌లో వేరే పేజీలు తెరిచి దాని గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. అందుకే మిగతావారికంటే త్వరగా, సరిగ్గా తేల్చగలిగారు. ఈ అలవాటును మన పిల్లలకూ నేర్పవచ్చు. తెలుగు వికీపీడియా చదివితే వ్యాసం కింద ఉన్న మూలాలను, మార్పుల చరిత్రను తెరిపించండి. ఏఐ చెప్పిన జవాబుకు ఆధారం చూపలేకపోతే దాన్ని రాతలో చేర్చవద్దని ముందే చెప్పండి.

జవాబు – ఉపాధ్యాయుడు, పలమనేరు

నెట్ నమ్మకంగా ఉండని బడుల్లో ఆ పేజీల స్క్రీన్‌షాట్‌లను ముందు రోజే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే పని ఆగదు. మార్కుల సంగతి మాత్రం మరవకండి. అందమైన అట్టకు, రంగుల బొమ్మలకు మార్కులు వేసినంత కాలం పిల్లలు వాటి మీదే శ్రమ పెడతారు. ఏ ప్రశ్నతో బయలుదేరారు, ఎక్కడ వెతికారు, దేన్ని ఎందుకు నమ్మలేదు అన్నవి నోటుపుస్తకంలో రాయించి, సగం మార్కులు దానికే కేటాయించండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం 1639, 1645 పేజీలను ప్యానెల్ మీద పెడతాను. ట్యాబ్ లేని పిల్లలను ఉన్నవారితో జట్టు చేస్తే పరికరం ఒకరి చేతిలోనే ఉండిపోతోంది. దీన్ని ఎవరైనా సర్దుబాటు చేసి ఉంటే తెలియజేయగలరు.