సమస్య: “నీరు శుద్ధమైన నేరమయ్యె”

ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

నీరు శుద్ధమైన నేరమయ్యె

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. ఇచ్చిన పాదంలో నీ-నే మైత్రి ఉంది, చూసుకోండి. వస్తువు ఒక్కటే: ఇంట్లో పెట్టుకున్న కాఫీ యంత్రం. పైన గింజలు, వెనక నీళ్ళు పోసి మీట నొక్కితే తనే విసురుకుని, తనే అదుముకుని, తనే కప్పులోకి దించే పూర్తి ఆటోమేటిక్ రకం.

ఈ పాదం ఎట్లా పుట్టిందో చెప్పాలి. మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. మెషీను కొన్నరోజు అంగడాయన “ఆర్.ఓ. నీళ్ళు తప్ప ఇంకేవీ పోయొద్దండి” అన్నాడు. అట్లే పోశాను. సంచి మీద చంద్రగిరి అని ఉన్న అరబికా గింజ తెప్పించాను (మన కోట ఊరు కాదు, చిక్కమగళూరు జిల్లాలోని కాఫీ పరిశోధన కేంద్రం 2007లో విడుదల చేసిన రకం). మూడు వారాలు తాగాను. వాసన వస్తుంది, రంగు వస్తుంది, నాలుక మీద మాత్రం ఏమీ నిలవదు. మర ఇంకా సన్నగా విసిరేట్టు చేశాను, పొడి పెంచాను, గింజ మార్చాను. ఒకరోజు ఆర్.ఓ. పాడై, మా అమ్మ బోరు నీళ్ళ బిందెలోంచి రెండు చెంబులు తొట్టిలో పోసింది. ఆ కప్పు తాగి నేను వంటింట్లోనే నిలబడిపోయాను. తప్పంతా నీళ్ళదే. అదీ శుద్ధమైన నీళ్ళది! అప్పుడు నోటికొచ్చిన పాదం ఇది.

ఒక్క మాట అడుగుతున్నాను. విరుపులు చేయండి, శ్లేషలు చేయండి, కానీ పూరణ వస్తువులోంచి రావాలి. యంత్రం అట్లా నడవదు అని ఎవరైనా వేలు చూపిస్తే పద్యం నిలబడదు.

రేణిగుంట తమ్ముడి పూరణ:

ఉప్పు లన్ని తీసి యుంచిన నీటితో
కాఫి చప్పనయ్యె కప్పు నిండ
సున్న మింత యున్న జొబ్బిల్లు రుచి యంట
నీరు శుద్ధమైన నేరమయ్యె

తమ్ముడూ, నా మనసులో ఉన్నదే రాశావు. సు-జొ యతి చక్కగా పడింది. ఒక్కటే లోటు, “రుచి యంట”. ఎవరో చెప్తే విన్నట్టుంది. నువ్వు తాగి చూసినవాడివి కదా, “జొబ్బిల్లు రుచి చూడు” అను. గణం చెడదు, మాటకు బలం వస్తుంది. నిజం కూడా అదే. గింజలోని రుచిని లాగేది నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. ఆర్.ఓ. వాటిని దాదాపు తుడిచేస్తుంది. స్పెషాల్టీ కాఫీ వాళ్ళ నీటి ప్రమాణంలో లీటరుకు 150 మిల్లీగ్రాముల లవణాలు లక్ష్యం, 75 నుంచి 250 దాకా ఒప్పు. మన దేశపు తాగునీటి ప్రమాణం 500 దాకా మంచిదంటుంది, వేరే గతి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటుంది. మనిషికి మంచి నీళ్ళు, కాఫీకి మంచి నీళ్ళు ఒకటి కావు.

చిత్తూరు అబ్బాయి పూరణ:

కొత్త మరను తెచ్చి గొప్పగా పెట్టితి
బోరు నీరు పోసి కాఫి తీసి
ఆరు నెలల కెల్ల నాగిపోయెను ధార
నీరు శుద్ధమైన నేరమయ్యె

“అన్నా, నాకు ఇదే మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి. మెషీను సంగతి మాత్రం నిజం, ఇప్పుడు కప్పులోకి చుక్క చుక్కగా పడతా ఉండాది.”

అబ్బాయీ, మొదటి పద్యానికి మూడు పాదాల్లో గణాలు తప్పలేదు, సంతోషం. రెండో పాదంలో యతి పోయింది. బో-కా కలవవు. “బోరు నీరు పోసి పొద్దు పొద్దు” అంటే బో-పొ కుదురుతుంది, రోజూ అనే అర్థమూ వస్తుంది. యతి కంటే పెద్ద చిక్కు అర్థంలో ఉంది. బోరు నీళ్ళను శుద్ధం అని ఎట్లా అంటావు? నువ్వు చెప్పిన కష్టం నీళ్ళు శుద్ధం కానందుకు వచ్చింది. కంటికి తేటగా ఉన్నాయి కాబట్టి శుద్ధం అనుకున్నావేమో. అయితే ఆ అనుకోవడం పద్యంలో కనబడాలి. మూడో పాదం మళ్ళీ రాయి.

ఇక యంత్రం సంగతి. బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి కార్బనేటుగా మారి గొట్టం లోపలి గోడకు సున్నంలా పేరుకుంటుంది. కాఫీకి నీరు 90 డిగ్రీలు దాటి కాగాలి కాబట్టి ప్రతి కప్పుకూ ఒక పొర. నమ్మకం లేకపోతే మెషీను కింది నల్లటి ట్రే మీద ఒక్క చుక్క బోరు నీళ్ళు వేసి ఆరనివ్వు. తెల్లటి వలయం మిగులుతుంది. అదే లోపల కూడా. డబ్బా మీద 15 బార్లు అని రాసి ఉండేది పంపు గరిష్ఠ ఒత్తిడి. కాఫీ దిగడానికి కావలసింది 9 దరిదాపుల్లోనే. గొట్టం సన్నబడ్డాక పంపు ఎంత గుంజినా ధార రాదు. ముందు డీస్కేల్ చెయ్యి, అంటే మందుతో ఆ సున్నం కరిగించు. మెషీనుకు చెప్పిన మందే వాడు. వెనిగర్ పోయొద్దు, రబ్బరు వాషర్లు పాడవుతాయి.

మదనపల్లె అక్క పూరణ:

మీట నొక్కినంత మేలుకొని కడిగి
మరల నాపు నపుడు మరియు కడుగు
ఎండకాల మందు నింత పారఁగఁ బోయ
నీరు శుద్ధమైన నేరమయ్యె

అక్కా, ఇది చదివి కాసేపు ఆగిపోయాను. రాయలసీమ ఇంట్లోంచి వచ్చిన పద్యం ఇది. అందరం కాఫీ రుచి చుట్టూ తిరుగుతుంటే మీరు నీళ్ళ విలువ దగ్గరికి వెళ్ళారు. యంత్రం లేవగానే ఒకసారి, పడుకునేముందు ఒకసారి తన గొట్టాలు తనే కడుక్కుంటుంది, ఆ నీళ్ళు ట్రేలోకి పోతాయి. ఇక్కడ “శుద్ధమైన” అంటే “శుద్ధమైనప్పటికీ” అని తీసుకోవడం సొగసుగా ఉంది. సూచన ఒకటి. రెండో పాదంలో మరల, మరియు రెండూ ఒకే పని చేస్తున్నాయి. “మాను నపుడు కూడ మరల కడుగు” అంటే ఎట్లుంటుంది?

అక్క జవాబు: “బాగుండాది తమ్ముడూ, మార్చుకుంటాను. మా అత్తమ్మ ఇప్పుడు మెషీను ముక్కు కింద ఒక గిన్నె పెడుతుంది. రెండుసార్లు కడిగిన నీళ్ళు పట్టి కరివేపాకు చెట్టుకు పోస్తుంది. పిప్పి డబ్బాలో పడిన గుండ్రటి బిళ్ళలు చిదిపి గులాబీ కుండీల్లో వేస్తుంది. మెషీను వచ్చాక ఆమెకు నచ్చిన భాగం ఆ బిళ్ళలే.”

కొర్లగుంట కోడలి పూరణ:

మామ కాఫి మరను మనువాడి నట్లుండె
అత్త కేమొ టీయె యమృతమయ్యె
కాఫి వాస నింట ఘాటెక్కగాను తే
నీరు శుద్ధమైన నేరమయ్యె

తే + నీరు! పాదంలో ఒక్క అక్షరం కదపకుండా మూడో పాదం చివర “తే” వేలాడదీసి నీళ్ళను తేనీరు చేసేశావమ్మా. కా-ఘా యతి కూడా దిట్టంగా ఉంది. “ఘాటెక్కగాను”లో “గాను” గణం నింపడానికి వచ్చినట్టుంది, అయినా ఈ విరుపు ముందు దాన్ని పట్టించుకోను. యంత్రం పక్కనుండే వేడినీళ్ళ గొట్టంతో అత్తగారికి టీ కలిపి ఇవ్వండి. మామగారి మరలోంచే అత్తగారి టీ వస్తే ఇంట్లో గొడవ ఉండదు.

ఇది చూసి రేణిగుంట తమ్ముడు అడిగాడు: “అయితే అన్నా, మూడో పాదం చివర ‘క’ పెట్టి కన్నీరు చేయొచ్చా?” కుదరదు. కన్నీరులో న్నీ ద్విత్వం, ఇచ్చిన పాదంలో ఉన్నది ఒంటి నీ. శ్రీకాళహస్తి అన్న ఒకాయన “తిరునీరు చేసి విభూతి అర్థం తెస్తాను” అన్నారు. ఆ ఊరివాళ్ళకు రావలసిన ఊహే, కానీ విభూతి నీఱులో ఉన్నది బండి ఱ. మన పాదంలోది మామూలు ర. వదిలేద్దాం.

పుత్తూరు మిత్రుడి పూరణ:

సున్న మూడ్చు మందు చుట్టూర పారించి
తుదకు కడుగ లేదు తొందరనుచు
చూపు కేమి తెలియుఁ జుఱ్ఱుమన్నది నాల్క
నీరు శుద్ధమైన నేరమయ్యె

డీస్కేల్ మందు పోసి, చివర కడగడం మానేసి, గొట్టంలోంచి తేటగా వచ్చిన వేడినీళ్ళు నోట్లో పోసుకున్నారన్నమాట. “తెలియుఁ జుఱ్ఱుమన్నది” దగ్గర సరళాదేశం (చు జుగా మారడం) సరిగ్గా చేశారు, చూ-జు యతీ నిలిచింది. అయితే “శుద్ధమైన” అన్నది ఇక్కడ “శుద్ధంగా కనబడిన” అని చదవాలి. “చూపు కేమి తెలియు” అన్నారు కాబట్టి ఆ అర్థం లాగవచ్చు. చిత్తూరు అబ్బాయీ, నీకు కావలసిన కీలకం ఈ పాదంలో ఉంది, గమనించు. అందరికీ చెప్తున్నాను. ఆ మందులో ఉండేది సిట్రిక్ ఆమ్లమో లాక్టిక్ ఆమ్లమో. కడిగే విడత పూర్తయ్యేదాకా, అంటే తొట్టెడు మంచినీళ్ళు మొత్తం బయటికి వచ్చేదాకా, ఆ ముక్కు కింద తాగే గ్లాసు పెట్టకండి. ఇంట్లో పిల్లలుంటే ముందే చెప్పి పెట్టండి.

తిరుచానూరు మాస్టారి పూరణ:

పసిఁడి పూవు నందుఁ బద్మాలయ వెలసెఁ
గప్పు పైన నురుగు కనక కాంతి
సరసు కైన నొక్క చషకమునకు నైన
నీరు శుద్ధమైన నేరమయ్యె

మాస్టారూ, నమస్కారం. శుద్ధమైన - నేరము అని మేమందరం విరిస్తే, మీరు “శుద్ధమైననే - రమయ్యె” అని విరిచారు. నేరం మాయమై లక్ష్మి వచ్చింది! పద్మసరోవరంలో బంగారు తామరలో అమ్మవారు వెలసిన కార్తీక పంచమి కథను, కప్పు మీద తేలే బంగారు నురుగును ఒక్క తీగకు గుచ్చారు. ఇన్నేళ్ళుగా పంచమి తీర్థానికి వెళ్తున్నాను. పొద్దున కప్పులో ఆ నురుగు, క్రెమా, చూసినప్పుడు ఇంక ఈ పద్యం గుర్తురాకుండా ఉండదు.

కానీ అడగక తప్పదు. రమ + అయ్యె దగ్గర స్త్రీవాచక తత్సమానికి సంధి లేదు కదా, “రమ యయ్యె” అనాలి కదా?

మాస్టారి జవాబు: “నిజమే నాయనా. వ్యాకరణం నీ పక్షాన ఉంది. రాసేటప్పుడే తెలుసు. సమస్యలో విరుపు కోసం ఆ చిన్న అపరాధం చేశాను, దోషంగానే రాసిపెట్టు. అయితే నా ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పు. మొదటి పద్యం శుద్ధజలంతో కాఫీ చెడిందంటుంది, నా పద్యం శుద్ధజలంతోనే వెలిసిందంటుంది. ఏది నిజం?”

రెండురోజులు దీని మీదే ఉన్నాను మాస్టారూ. మీ సరస్సు శుద్ధం అంటే మురికి లేనిది. అందులో చేప ఉంది, తామర ఉంది, మట్టిలోని ఉప్పు ఉంది. ఆర్.ఓ. శుద్ధం అంటే ఖాళీ. బోరు శుద్ధం అంటే కంటికి మాత్రమే శుద్ధం. మూడింటికీ ఒకే మాట వాడుతున్నాం, అందుకే మన పద్యాలు ఒకదానితో ఒకటి కొట్లాడుతున్నాయి.

లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయో మీటరు పెట్టి చూశాను. మా ఆర్.ఓ. నీళ్ళు 28, బోరు 640. నాలుగు చెంబుల ఆర్.ఓ.లో ఒక చెంబు బోరు కలిపితే 150 దగ్గర నిలిచింది. టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) ఒక్కటే సరిపోదు, కాఠిన్యం (అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్నది) వేరే చూడాలి కాబట్టి మెషీనుతో వచ్చిన కాగితం పట్టీ ముంచి, రంగు చూసి, ఆ అంకె మెషీనులో పెట్టాను. అది సరిగ్గా పెడితేనే డీస్కేల్ ఎప్పుడు చేయాలో అది సరిగ్గా అడుగుతుంది. మా అమ్మకు ఈ లెక్కలేవీ చెప్పలేదు. రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు చెంబుతో కొలిచి కలిపి రాగిబిందెలో పోసి మూత పెడుతుంది. తన ఇత్తడి ఫిల్టరులోకీ ఇప్పుడు అవే నీళ్ళు. “రెండిట్లోనూ దిగేది కాఫీనే కదరా” అంటుంది. నా పూరణ అక్కడిది:

రెండు నీళ్ళు కలిపి రేయుంచు మా యమ్మ
ఒకటి చవికి మరకు నొకటి యనుచు
ఒంటి నీటఁ దీయ నొప్పదు గద కాఫి
నీరు శుద్ధమైన నేరమయ్యె

దీని మీద మాస్టారి మాట: “రెండో పాదం ఐదు గణాలూ నగణాలే, చుక్కలు చుక్కలుగా పడినట్టుంది. ‘ఒంటి నీట’ కొంచెం బరువు. ఉండనీ.”

ఈ పొద్దున చిత్తూరు అబ్బాయి మళ్ళీ రాశాడు:

కొత్త మరను తెచ్చి గొప్పగా పెట్టితి
బోరు నీరు పోసి పొద్దు పొద్దు
తేట నీరె యనుచుఁ దెలియక మురిసితి
నీరు శుద్ధమైన నేరమయ్యె

“మూడో పాదం నేనే రాసినానన్నా, ఎవురినీ అడగలేదు. తే-దె యతి సరిపోయిందా? నిన్న రాత్రి డీస్కేల్ చేసినా. మొదట తెల్లగా, ఇసక మాదిరి పొడి పడింది. రెండు తొట్ల నీళ్ళతో కడిగినా. ఈ పొద్దు మీట నొక్కితే ధార సన్నంగా, తెగకుండా వచ్చింది. గడియారం చూసినా, 27 సెకన్లు.”

సరిపోయింది అబ్బాయీ. రెండూ సరిపోయినాయి.